మాటకు కట్టిన కంచె: ఒక బొమ్మల ఆట, వాక్కు ధర్మం

మాటలోని దోషం పలికిన పదంలో ఉంటుందా, పలికించిన మనసులో ఉంటుందా, విన్నవాడికి తగిలిన నొప్పిలో ఉంటుందా అన్న ప్రశ్నను మీమాంసకులు, ఆలంకారికులు, జైన బౌద్ధ ఆచార్యులు తమ తమ దారుల్లో శతాబ్దాల పాటు విచారించారు. అదే ప్రశ్న ఇరవయ్యో శతాబ్దం చివరి ఏళ్లలో అమెరికాలో పిల్లల కోసం ఇంటర్నెట్ ఆటలు తయారుచేస్తున్న ఇంజనీర్ల బల్ల మీదకు వచ్చిపడింది. వారు దానిని తత్త్వ ప్రశ్న అనుకోలేదు, పనిలో ఎదురైన ఒక చిక్కు అనుకున్నారు. అయినా వారు వేసిన ఎత్తులు, ఆ ఎత్తులను పిల్లలు చిత్తుచేసిన తీరు వాక్కును గురించిన శాస్త్రచర్చకు అరుదైన దృష్టాంతాలయ్యాయి. శాస్త్రంలో ఒక వాదం తప్పని తేలడానికి ఎన్నో తరాలు పడుతుంది. ఇక్కడ కొన్ని నిమిషాలు సరిపోయాయి.

ఆ ఆట పేరు టూన్‌టౌన్ ఆన్‌లైన్. వినోద ఉద్యానవనాలకు యంత్రాలను, దృశ్యాలను రూపొందించే వాల్ట్ డిస్నీ ఇమాజినీరింగ్ సంస్థలోని వీఆర్ స్టూడియో దీనిని తయారుచేసింది. కంప్యూటర్ సృష్టించిన లోకంలోకి మనిషి అడుగుపెట్టినట్టు భ్రమింపజేసే సవారీలను నిర్మించడం ఆ విభాగం అంతకుముందు చేసిన పని. సవారీల కోసం అక్కడ పుట్టిన పాండా3డి అనే చిత్రయంత్రాంగమే, అంటే తెర మీద మూడు కొలతల దృశ్యాన్ని ఎప్పటికప్పుడు గీసి చూపే ప్రోగ్రామే, ఈ ఆటకూ ఆధారమయింది. 2002లో దానిని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయటపెట్టగా, తరువాత దాని ఆలనాపాలనలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేయి కలిపింది. మైక్ గోస్లిన్, జెస్సీ షెల్ వంటివారి ఆధ్వర్యంలో సాగిన ఈ ఆట 2003 జూన్‌లో నెలకు 9.95 డాలర్ల చందాతో అమెరికాలో జనం ముందుకు వచ్చింది. దూరదూరాల ఇళ్లలో కూర్చున్న వేలమంది ఒకే సమయంలో ఒకే బొమ్మల ఊరిలో తిరుగుతూ, ఒకరినొకరు చూసుకుంటూ, కలిసి ఆడే ఇలాంటి ఆటలు అప్పటికే ఉన్నాయి గాని అవి చాలావరకు కత్తులు, రాక్షసులు, రక్తపాతంతో పెద్దవారి కోసం నడిచేవి. ఇంటిల్లిపాదీ ఆడదగినదిగా ఒక పెద్ద సంస్థ పూనుకుని నిర్మించిన తొలి ఆటల్లో ఇది ఒకటి.

ఇందులో ఆటగాడు కుక్క, పిల్లి, కుందేలు, బాతు వంటి ఒక జంతువు రూపం ధరిస్తాడు. ఊరిని ఆక్రమించడానికి కాగ్‌లనే యంత్రమానవులు వస్తుంటాయి. వాటి వేషం కోటు, టై. వాటి లక్ష్యం ఆటస్థలాలను ఆఫీసులుగా మార్చడం. అమ్మకందారులు, వకీళ్లు, డబ్బు లెక్కలవాళ్లు, పై అధికారులు అని వాటిలో నాలుగు శాఖలు. పని ఆటను మింగేయజూస్తే ఆట నవ్వుతో ఎదురు తిరగడమే కథలోని సారం. కాగ్‌లు హాస్యాన్ని తట్టుకోలేవు కాబట్టి వాటి ముఖాన క్రీము పూసిన ‘పై’ అనే తీపి వంటకాన్ని విసరడం, పువ్వులోంచి నీళ్లు చిమ్మడం, అరటితొక్క మీద జారిపడేలా చేయడం ఇక్కడి ఆయుధాలు. ఆటగాడికి ప్రాణబలం ఉండదు, దాని స్థానంలో నవ్వుల కొలమానం ఉంటుంది. అది సున్నాకు దిగితే అతడు చావడు, దిగులుపడి ఆటస్థలానికి తిరిగిపోతాడు. హింసను ఆటలోంచి ఇంత నేర్పుగా తొలగించిన రచయితలకు చివరికి మిగిలిపోయిన చిక్కు ఒక్కటే: ఆటగాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడాలి. కొట్లాటలోంచి క్రౌర్యాన్ని తీసివేయడం వారి చేతిలో పని, మాటలోంచి తీసివేయడం అంత సులువు కాలేదు.

ఈ చిక్కుకు ఒక పూర్వచరిత్ర ఉంది. 1980లలో లూకాస్‌ఫిల్మ్ సంస్థ కోసం హాబిటాట్ అనే తొలి బొమ్మల ఊరిని నిర్మించిన ఇద్దరిలో ఒకడైన రాండీ ఫార్మర్ దీనిని తరువాతి కాలంలో వివరంగా రాశాడు. టూన్‌టౌన్‌కు ముందే డిస్నీ హెర్క్‌వరల్డ్ అనే పిల్లల ఆటను తలపెట్టింది. పిల్లలు ఇష్టం వచ్చిన మాట టైపు చేస్తే బూతు, బెదిరింపు, ఇంటి చిరునామా ఆరా తీయడం వంటివి తప్పవు. బూతుమాటల పట్టీ వేసి వాటిని చెరిపేద్దామంటే అక్షరం మార్చి రాసేవాడు ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటాడు. అందుచేత దారి మార్చి, చెడ్డమాటలను ఏరివేయడానికి బదులు మంచిమాటలను మాత్రమే అందించాలనుకున్నారు. నిర్దోషమైన నామవాచకాలు, క్రియలు, విశేషణాలు కొన్ని తెర మీద ఉంచి, వాటిని జోడించి మాత్రమే వాక్యం కట్టుకునే వీలు కల్పించారు. జంతువులు, బొమ్మలు, రంగులు, చిన్నాపెద్దా పరిమాణాలు. ఏ పదాన్ని విడిగా చూసినా పసిపిల్లల బొమ్మల పుస్తకంలో ఉండదగినదే. పరీక్షకు కూర్చోబెట్టిన పద్నాలుగేళ్ల కుర్రవాడు కొన్ని నిమిషాల్లోనే ఒక జిరాఫీని, ఒక తెల్ల కుందేలును కలిపి, పెద్దవారు తలవంచుకునే వాక్యం ఒకటి తయారుచేసి చూపించాడు. ఆ పదకోశంలో తీసివేయవలసిన పదం ఏదీ లేదు.

ఆ కుర్రవాడు చేసినదేమిటో చెప్పడానికి భారతీయ శాబ్దబోధ శాస్త్రం, అంటే వాక్యం నుంచి అర్థం ఎలా తెలుస్తుందో విచారించే శాస్త్రం, చక్కని పరిభాషను సిద్ధం చేసి ఉంచింది. పదాల గుంపు వాక్యం కావాలంటే మూడు లక్షణాలుండాలని నైయాయికులు, మీమాంసకులు చెప్పారు. ఒక పదం తరువాత మరొక పదం కోసం మనసు ఎదురుచూడడం ఆకాంక్ష. పదార్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత, అందుకే నిప్పుతో తడపమనే వాక్యం పొసగనిదవుతుంది. పదాలు దగ్గరదగ్గరగా వినబడడం సన్నిధి. వీటితో పాటు తాత్పర్యం, అంటే వక్త ఏ అర్థాన్ని ఉద్దేశించి పలికాడన్నది నాలుగోదిగా చర్చకు వస్తుంది. హెర్క్‌వరల్డ్ యంత్రం ఆకాంక్షను సరిచూడగలదు, ఎందుకంటే నామవాచకం రావలసినచోట నామవాచకాన్నే రానిస్తుంది. సన్నిధి తెరలోనే ఉంది. యోగ్యతను కొంతవరకు కాపాడవచ్చు. తాత్పర్యం మాత్రం యంత్రానికి అందే వస్తువు కాదు. పదాలు ముందుగా విడివిడి అర్థాలను చెబితే ఆ అర్థాలు తరువాత కలుస్తాయన్న కుమారిలభట్టు పక్షాన్ని ఆ రచయితలు తెలియకుండానే నమ్మి, మంచి అర్థాలు కలిస్తే మంచి వాక్యమే వస్తుందని లెక్కవేశారు. పదం ఎప్పుడూ మరొక పదంతో అన్వయించిన అర్థాన్నే చెబుతుంది గాని ఒంటరిగా ఏదీ చెప్పదన్న ప్రభాకరుడి పక్షం వారికి తెలిసి ఉంటే బహుశా ఆ ప్రయోగం అంతదాకా వచ్చేది కాదు.

ఆలంకారికులు ఇంకొక మెట్టు దిగి చూశారు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో, వాచ్యార్థం అంటే మాట పైకి చెప్పే అర్థమనీ, వ్యంగ్యార్థం అంటే మాట లోపలినుంచి తోపింపజేసే అర్థమనీ రెంటినీ విడదీసి, రెండోది మొదటిదానికి పూర్తిగా ఎదురుగా కూడా ఉండగలదని చూపించాడు. దానికి అతడు ఎన్నుకున్న ఉదాహరణ తెలుగునేలకు దగ్గరిది. శాతవాహన రాజు హాలుడి పేరిట ప్రసిద్ధమైన ప్రాకృత గాథల సంకలనంలో ఒక స్త్రీ గోదావరి ఒడ్డున తిరుగాడే ఒక ధార్మికుడితో, నిన్ను భయపెట్టే కుక్కను నది దగ్గర పొదల్లో ఉండే సింహం చంపేసింది కాబట్టి ఇక నిశ్చింతగా తిరగమని చెబుతుంది. పైకి అది అనుమతి. లోపల మాత్రం, కుక్కకే జడిసేవాడివి సింహమున్న చోటికి రాకు, నా ప్రియుడిని కలుసుకునే తావును పాడుచేయకు అన్న నిషేధం. వాక్యమంతటిలో వద్దు అన్న మాట లేదు. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన అలంకార గ్రంథం కూడా ఈ వ్యంజనావృత్తిని, అంటే సూచించే శక్తిని, శబ్దానికి ఉన్న శక్తుల్లో ఒకటిగా అంగీకరించింది. ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకున్నవాడు పదాల పట్టీతో మాటను శుద్ధి చేయవచ్చునని ఒప్పుకోలేడు. వ్యంజన పట్టీకి చిక్కదు.

హెర్క్‌వరల్డ్ పరీక్ష తరువాత మిగిలిన దారి ఒక్కటే కనిపించింది. పదాలను కాక మొత్తం వాక్యాలనే ముందుగా రాసిపెట్టి, వాటిలో ఒకటి ఎంచుకోనివ్వడం. టూన్‌టౌన్‌లో స్పీడ్‌చాట్ పేరుతో వచ్చిన పద్ధతి అదే. నమస్కారాలు, వీడ్కోళ్లు, సాయం అడగడం, ఆటకు పిలవడం, క్షమాపణ అంటూ విభాగాలుగా పేర్చిన వాక్యాలలో ఒకదాన్ని నొక్కితే ఆ జంతువు తల పైన బుడగలో ఆ వాక్యం కనబడుతుంది. నువ్వు కంపు కొడుతున్నావు అనే పాటి తేలికైన తిట్టు ఒకటి రెండు కూడా రచయితలు ఆ పట్టీలో ఉంచారు. అది వారి లోకజ్ఞానానికి గుర్తు. కోపం చూపడానికి ఒక్క మాటైనా లేని భాషను పిల్లలు నమ్మరు.

ఈ దశలో వారు పెట్టుకున్న నియమం ఒకటి ఫార్మర్ రాతలో కనిపిస్తుంది. ఏ పిల్లవాడినీ ఎవరూ వేధించకూడదు, తనను వేధిస్తున్నారన్న సంగతి ఆ పిల్లవాడికి తెలియకపోయినా సరే అన్నది దాని భావం. వ్యాపార సంస్థ గదిలో పుట్టిన ఈ నియమం చూపులకు అతిజాగ్రత్తగా తోచినా, అది ధర్మశాస్త్రంలో ఒక లోతైన పక్షాన్ని తీసుకున్నట్టే. నొప్పి కలగనిచోట అపరాధం ఉంటుందా? ఫలాన్ని బట్టి పాపాన్ని కొలిచేవారు ఉండదంటారు, ఎందుకంటే జిరాఫీ వాక్యం అర్థంకాని ఆరేళ్ల పాపకు ఏ బాధా కలగలేదు. జైనులు ఉంటుందంటారు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించేటప్పుడు ప్రాణహానితో పాటు ప్రమత్త స్థితిని, అంటే రాగద్వేషాల వల్ల కలిగే ఏమరుపాటును, లక్షణంలోనే చేర్చింది. తరువాతి ఆచార్యులు దీనిని విస్తరించి, బయట జరిగే హాని ద్రవ్యహింస అనీ, మనసులో కషాయం అంటే కల్మషం పుట్టడమే భావహింస అనీ విభజించి, ఎదుటివాడికి ఏమీ కాకపోయినా భావహింస జరిగిపోయిందనీ, దానికి మొదటి బాధితుడు హింసించినవాడేననీ చెప్పారు.

అదే జైనధర్మం మాట విషయంలో రెండు వేరు వేరు సాధనలను చెప్పింది. వచనగుప్తి అంటే మాటను నిలువరించుకోవడం, మౌనం దాని పరాకాష్ఠ; భాషాసమితి అంటే మాట్లాడవలసి వచ్చినప్పుడు హితంగా, మితంగా, సందేహానికి తావులేకుండా జాగ్రత్తగా మాట్లాడడం. స్పీడ్‌చాట్ పైచూపుకు గుప్తిలా కనిపిస్తుంది, కానీ గుప్తి తనకు తాను విధించుకున్నది, ఇది పక్కవాడు విధించినది. సమితిలా కూడా కనిపిస్తుంది, కానీ సమితిలో ఏ మాట అనాలో వెదుక్కునే శ్రమ వక్తది, ఇక్కడ ఆ శ్రమ ఎప్పుడో లాస్ ఏంజెలెస్ దగ్గరి ఆఫీసులో ఎవరో పడిపోయారు. భగవద్గీత పదిహేడో అధ్యాయం వాక్కుకు సంబంధించిన తపస్సును వివరిస్తూ వినేవాడికి ఉద్వేగం కలిగించకపోవడం, సత్యం, ప్రియం, హితం అనే నాలుగు లక్షణాలను ఒకే మాటకు కలిపి చెప్పి, వాటికి స్వాధ్యాయాన్ని జోడిస్తుంది. ఆ నాలుగింటిని ఈ ఆట పక్కన పెట్టి చూస్తే, ఉద్వేగం లేకపోవడం, ప్రియంగా ఉండడం అనే రెండింటికి కంచె పూచీపడగలదు. సత్యానికి పూచీ లేదు. క్షమించమన్న వాక్యాన్ని నొక్కినవాడు నిజంగా నొచ్చుకున్నాడో వెక్కిరిస్తున్నాడో తెర చెప్పదు. హితం సంగతి మరీ ఇబ్బంది. ఎదుటి పిల్లవాడు ఏడుస్తూ ఆడుతున్నాడనీ, ఇంట్లో అతడికి ఏదో ఆపద ఉందనీ తోచినా, అడగడానికి తగిన వాక్యం పట్టీలో ఉండదు. గొంతులో రాయి ఇరుక్కున్న పసివాడి నోట్లోంచి రక్తం వచ్చినా సరే దానిని తీస్తామని, అలాగే అప్రియమైనా హితమైన మాటను సమయం చూసి చెప్పాలని బుద్ధుడు అభయ రాజకుమారుడికి చెప్పినట్టు పాలీ గ్రంథాల్లో ఉంది. అటువంటి మాటకు ఏ సిద్ధవాక్యాల పట్టీలోనూ చోటు దొరకదు.

వాక్తపస్సు తపస్సు ఎందుకయిందంటే, అనగలిగినవాడు అనకపోవడం వల్ల. అనడానికి వీలే లేనివాడి మౌనానికి పుణ్యం ఆపాదించడం, ఇనుప పెట్టెలో డబ్బు దొంగిలించలేకపోయినవాడిని అస్తేయవ్రతుడని మెచ్చుకోవడం లాంటిది. అయితే ఇక్కడ ఒక పొరపాటుకు ఆస్కారముంది. కంచె వల్ల వక్త పవిత్రుడు కాడు కాబట్టి కంచె పనికిమాలినదని కొందరు వెంటనే తీర్మానిస్తారు. అది సరి కాదు. కంచె వేసినవాడు వక్త ఆత్మశుద్ధి కోసం వేయలేదు, శ్రోత రక్షణ కోసం వేశాడు. రక్షణ, శుద్ధి వేరు వేరు ప్రయోజనాలు. రాజదండం మొదటిదాని కోసం, తపస్సు రెండోదాని కోసం అని ధర్మశాస్త్రాలు ఎప్పుడో పంచిపెట్టాయి. ఈ రెంటినీ కలగలిపి, బూతులు వినబడని ఆటలో పెరిగిన పిల్లవాడు మంచిమాట నేర్చుకున్నాడని సంతోషించే తల్లిదండ్రులదే అసలు భ్రమ.

ఆటలోని మరొక ఏర్పాటు ఈ చర్చను ఊహించని వైపు తిప్పుతుంది. సిద్ధవాక్యాలతో విసుగెత్తినవారి కోసం రహస్య మిత్రులు అనే పద్ధతి ఉండేది, తరువాత దానికి నిజమిత్రులన్న పేరు వచ్చింది. ఒక ఆటగాడు ఆట నుంచి కొన్ని అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తును పుచ్చుకుని, ఆట బయట, అంటే బడిలోనో ఫోన్‌లోనో ఎదుటివాడికి చెప్పాలి. రెండోవాడు ఆ గుర్తును ఆటలో నమోదు చేస్తే, అప్పటినుంచి ఆ ఇద్దరి మధ్య మాత్రం ఇష్టమొచ్చిన మాట టైపు చేసే స్వేచ్ఛ ఏర్పడుతుంది. ఆ ఇద్దరూ నిజంగా ఎరిగినవారన్న నమ్మకానికి గుర్తును బయట ఇచ్చిపుచ్చుకోవడమే ఆధారం. వారు మాట్లాడుకునేటప్పుడు పక్కనే నిలబడ్డ మూడోవాడి తెర మీద ఆ మాటలు కనబడవు. వక్త కుక్క అయితే మొరుగు, పిల్లి అయితే మ్యావు, బాతు అయితే క్వాక్ క్వాక్ మాత్రం కనబడతాయి. ఒకే ఉచ్చారణ మిత్రుడికి భాష, పరాయివాడికి జంతువు కూత. అర్థం శబ్దంలో కాక సంబంధంలో ఉంటుందని ఏ ఆలంకారికుడూ ఇంత సూటిగా చూపించలేదు.

పిల్లలు ఈ కంచెను కూడా దాటారు. ఆటలో మాత్రమే పరిచయమై, బయట ఒకరినొకరు ఎరగనివారు గుర్తును ఎలా చేరవేయాలి? ఆటలో ప్రతివాడికీ ఒక ఇల్లు, దానిలో ఇష్టం వచ్చినట్టు జరుపుకునే కుర్చీలు, బల్లలు ఉండేవి. సామాన్లను అక్షరాల ఆకారంలో నేల మీద పేర్చి, సిద్ధవాక్యాలనే సైగలుగా వాడుకుని, ఒక్కొక్క అక్షరం చొప్పున గుర్తును అందించుకున్నారు. ఎంతో ఓపిక కావాల్సిన పని. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, జిరాఫీ వాక్యం కట్టిన కుర్రవాడు కంచెను వెటకారం కోసం దాటాడు, కుర్చీలు పేర్చినవారు ఎక్కువమంది స్నేహం కోసం దాటారు. పట్టీ ఈ రెండింటినీ ఒకే నేరంగా చూస్తుంది. తాత్పర్యాన్ని చూడలేనిదానికి అవి రెండూ ఒకటే.

పరాయివాడితో పరిమితమైన మాట, దీక్ష పొందిన మిత్రుడితో అరమరికలు లేని మాట అనే ఈ నమూనా డిస్నీ రచయితల కొత్త కల్పనేమీ కాదు. మానవ సమాజాలు దీనిని ఏనాటినుంచో పాటిస్తున్నాయి, ఒడిశాలోని కొరాపుట్, రాయగడ ప్రాంతాలు దానికి మంచి నిదర్శనం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో, జయపురం సంస్థానం కింద ఉండేది. ఆ సంస్థానానికి చివరి రోజుల్లో రాజైన విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని పోషించిన తెలుగు సాహిత్యాభిమాని. జయపురం నుంచి మల్కన్‌గిరి వెళ్లే దారిలో ఉన్న బొయిపరిగుడ పరిసరాల్లో ఒడియా, తెలుగు, దేశియ, గిరిజన భాషలు ఒకదాని పక్కన ఒకటి బతుకుతాయి. వారపు సంతలో పసుపు, అల్లం, చింతపండు, అడవి సరుకు బేరమాడేవారికి ఇళ్లలో ఒకరి భాష మరొకరిది కాదు. ధర, తూకం, మంచీచెడ్డా పలకరింపు, ఇంతవరకు దేశియ అనే ఉమ్మడి మాట సరిపోతుంది. సంత మాట కూడా ఒక విధంగా పట్టీ మాటే. ఎవరూ నిషేధించకపోయినా దానితో మనసు విప్పుకోవడం కష్టం.

మనసు విప్పుకోవడానికి ఈ నేలలో వేరే సంస్థ ఉంది. గదబల వంటి తెగలలో మొయితర్ అనే దీక్షా మైత్రి రెండు కుటుంబాలను, కొన్నిచోట్ల రెండు ఊళ్లను కట్టిపడేసి, రక్తసంబంధంతో సమానంగా తరతరాలు సాగుతుంది. ఒడిశా అంతటా, పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో కూడా మహాప్రసాద మైత్రి అనే ఆచారం ఉంది. జగన్నాథుడికి నివేదించిన అన్నాన్ని సాక్షిగా పంచుకున్న ఇద్దరు అప్పటినుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, మహాప్రసాదమనే పిలుచుకుంటారు, కులం వేరైనా ఒకరి ఇంటి శుభాశుభాల్లో మరొకరు బంధువులా నిలబడతారు. ఉత్తరాంధ్రలో నేస్తం కట్టడం అనే మాట వెనుక ఉన్నదీ ఇదే సంప్రదాయం. ఇక్కడి విచిత్రం ఏమిటంటే, ఈ దీక్ష మాటకు స్వేచ్ఛను ఇస్తూనే కొత్త కట్టడిని కూడా విధిస్తుంది. పేరే పలకకూడనంత గౌరవం ఉన్నచోట తూలనాడడం అసలే కుదరదు. టూన్‌టౌన్ గుర్తు తలుపు తెరిచి ఊరుకుంటుంది. మహాప్రసాదం తలుపు తెరిచి, లోపలికి వచ్చినవాడిని మాటకు బాధ్యుణ్ణి చేస్తుంది. గుర్తును కుర్చీలతో పేర్చి చేరవేయవచ్చు, నోట పెట్టుకున్న ప్రసాదాన్ని అలా చేరవేయలేరు.

హాస్యం విషయంలో కూడా ఇదే తేడా. తెలుగు కుటుంబంలో బావామరదళ్లు పరాచికాలాడుకోవచ్చు, వియ్యపురాళ్లు పెళ్లిపాటల్లో ఒకరినొకరు దెప్పుకోవచ్చు, అత్తా అల్లుళ్ల మధ్య మాత్రం మాటే అంతంతమాత్రం. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో వీటిని పరిహాస సంబంధాలని పేర్కొని, వేళాకోళానికి నొచ్చుకోకూడదన్న నియమమే వాటిలో ముఖ్యమని వివరించాడు. కొరాపుట్‌లో చైత్ర పరబ్ రోజుల్లో వేట దొరక్క వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవారిని ఆడవారు ఆటపట్టించడం ఇటువంటిదే; అదే మాట మరో నెలలో, మరో మనిషితో అంటే తగువు అవుతుంది. అంటే సమాజం కూడా పట్టీలు వేస్తుంది. అయితే ఆ పట్టీ పదాలది కాదు, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నదానిది. నవ్వునే ఆయుధంగా చేసుకున్న ఒక ఆట, కాగ్‌లతో తప్ప మనుషులతో హాస్యమాడడానికి చోటివ్వలేకపోవడానికి కారణం కూడా ఇందులోనే దొరుకుతుంది. బావ ఎవరో, అత్త ఎవరో ఆ ఊరికి తెలియదు. అందరూ ఒకే వరుసలో అపరిచితులైన లోకంలో ప్రతి వేళాకోళమూ అపాయమే.

దీనిపై ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉంది. అలవాటే స్వభావమవుతుంది, పసిపిల్లలకు ముందుగా రూపం నేర్పితే తరువాత భావం దానంతటదే వస్తుంది, గురుకులంలో కూడా అర్థం తెలియకుండానే వల్లె వేయించారు కదా అని కొందరు వాదిస్తారు. పెద్దల ముందు నమస్కారం పెట్టించినప్పుడు పిల్లవాడి మనసులో భక్తి ఉందా లేదా అని ఎవరూ అడగరు, ఆ చేతులు జోడించడమే క్రమంగా భక్తిని తెస్తుందని నమ్ముతారు. ఈ వాదంలో బలముంది. కానీ నమస్కారం నేర్పే ఇంట్లో తప్పు చేసినప్పుడు పేరు పెట్టి పిలిచి మందలించే పెద్దవాడు ఉంటాడు, వల్లె వేయించే గురువు తప్పుపలికిన స్వరాన్ని అక్కడికక్కడే సరిదిద్దుతాడు. స్పీడ్‌చాట్‌లో తప్పు జరగడానికి వీలులేదు కాబట్టి దిద్దుబాటుకూ వీలులేదు. అభ్యాసం ఫలించేది తప్పుకు అవకాశమున్నచోటే. అందువల్ల సిద్ధవాక్యాల పద్ధతి చిన్నపిల్లలకు కాపలాగా మేలైనదనీ, శిక్షణగా మాత్రం నిష్ఫలమనీ నిర్ణయించడమే న్యాయం. ఆ ఆట రచయితలు కూడా ఇంతకంటే ఎక్కువ కోరలేదు.

తరువాత వచ్చిన స్పీడ్‌చాట్ ప్లస్ పద్ధతి మళ్లీ పాత దారికే మళ్లింది. అనుమతించిన పదాల నిఘంటువు లోపల ఉన్నంతవరకు స్వేచ్ఛగా టైపు చేయవచ్చునన్నది దాని నియమం. అది హెర్క్‌వరల్డ్ కుర్రవాడికి మళ్లీ తలుపు తెరిచినట్టే. నిఘంటువు ఎంత పెద్దదైతే జిరాఫీలు, కుందేళ్లు అన్ని దొరుకుతాయి. అయినా సంస్థ ఆ అపాయాన్ని ఒప్పుకుంది, ఎందుకంటే మాట లేని ఊరిలో జనం నిలవరు.

టూన్‌టౌన్ ఆన్‌లైన్‌ను మూసివేస్తున్నట్టు డిస్నీ 2013 ఆగస్టులో ప్రకటించి, చివరి నెల రోజులు అందరికీ ఉచితంగా తెరిచి, సెప్టెంబరు 19న సర్వర్లను ఆపేసింది. అభిమానులు జీతంలేని పనిగా టూన్‌టౌన్ రిరిటన్ పేరుతో దానిని మళ్లీ కట్టుకుని, 2014లో ఉచితంగా తెరిచారు. పాత ఖాతాలు అందులోకి రాలేదు, ఎంతటి పాతకాపు అయినా కొత్త జంతువుగా మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. చందా, యాజమాన్యం, పాత పేర్లు అన్నీ పోయిన ఆ ఊరిలో, లాభం కోసం కాక ఇష్టంతో పనిచేసేవారు కూడా సిద్ధవాక్యాల పట్టీని, అనుమతించిన పదాల నిఘంటువును, నిజమిత్రుల గుర్తును మూడింటినీ అలాగే నిలుపుకున్నారు.